ఐసు ముక్కలు, ఫెరిటిన్ 4

అమెరికా ఉత్తరాన మినియాపొలిస్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఒంట్లో ఏ నలత వచ్చినా కారణం సిద్ధంగా ఉంటుంది. నీరసమా, చలి. ఆయాసమా, చలిగాలి. పొద్దున్నే లేవబుద్ధి కావడం లేదా? డిసెంబరులో సూర్యుడు ఎనిమిదింటికి కాస్త ముందు వచ్చి నాలుగున్నరకే వెళ్ళిపోతాడు. ఎవరికి మాత్రం లేవబుద్ధవుతుంది? అందులోనూ 2022-23 చలికాలం మామూలుది కాదు. ఆ సీజన్లో ఇక్కడ 90 అంగుళాల మంచు పడింది, ఊరి రికార్డుల్లో మూడో స్థానం. అన్ని అంగుళాల మంచు కళ్ళెదుట ఉంటే ఒంట్లో నెత్తురు తగ్గుతోందన్న అనుమానం ఎవరికి వస్తుంది?

మాదొక చిన్న పరుగుల గుంపు. శనివారం పొద్దున లేక్ హారియెట్ అనే చెరువు ఒడ్డున, కచేరీలు జరిగే బ్యాండ్‌షెల్ దగ్గర కలుస్తాం. చెరువు చుట్టూ ఒక రౌండు కొడితే దాదాపు మూడు మైళ్ళు. ఓపిక మిగిలినవాళ్ళు పక్కనే ఉన్న బ్‌డే మకా స్కా చెరువు కూడా చుట్టి వస్తారు. ఫీజు లేదు, టీషర్టు లేదు, ఎవరి టైము ఎవరూ రాయరు. ఉన్నది ఒకటే కట్టుబాటు: ఐసు మీద ఎవర్నీ ఒంటరిగా వెనక వదిలెయ్యకూడదు. గుంపులో ఒక రిటైరైన పోస్ట్‌మ్యాన్, ఒక రిటైరైన నర్సు, ఒక స్కూల్ టీచరు, ఇద్దరు యూనివర్సిటీ పిల్లలు, నేను, నన్ను అక్కా అని పిలిచే కరీంనగర్ కుర్రాడు ఒకడు. మేమిద్దరం తెలుగులో మాట్లాడుకుంటూ పరిగెడుతుంటే మిగతావాళ్ళు మేమేదో గొడవపడుతున్నాం అనుకుంటారు.

చలికి మానెయ్యడం అనేది ఇక్కడ లేదు. పోస్ట్‌మ్యాన్ పెద్దాయనకైతే మైనస్ 10 ఫారెన్‌హీట్ (మన లెక్కలో మైనస్ 23) అంటే ఇంకో జత సాక్సులు వేసుకోవాల్సిన రోజు, అంతే. 2019 జనవరి 30న మైనస్ 28 ఫారెన్‌హీట్‌కి పడిపోయినప్పుడు ఊళ్ళో ఉత్తరాల బట్వాడా ఆపేశారు. ఆ రోజు సంగతి ఆయన ఇప్పటికీ అవమానం జరిగినట్టే చెబుతాడు. నా బూట్లకు స్క్రూలు బిగించిందీ ఆయనే. షీట్‌మెటల్‌కి వాడే ఆరు పలకల తల స్క్రూలు తీసుకుని, పాత రన్నింగ్ షూస్ అడుగున మడమ దగ్గర కొన్ని, వేళ్ళ కింద కొన్ని డ్రిల్లుతో దించుతాడు. పొడవు అంగుళంలో మూడు ఎనిమిదో వంతే ఉండాలి, మించితే మొన అరికాల్లో దిగుతుంది. ఐసును పట్టుకునేది స్క్రూ మొన కాదు, బయటికి కనిపించే తల అంచు. సిమెంటు మీద నడిస్తే టకటకమని చప్పుడు, గట్టి ఐసు మీద మాత్రం జారమన్నా జారవు. ఇక తలకు, అమ్మ తెనాలి నుంచి పంపిన మంకీ క్యాప్. ఇక్కడి వందల డాలర్ల సరంజామాలో దానికి సాటి వచ్చేది నాకింతవరకూ కనబడలేదు.

సెప్టెంబరులో మాట్లాడుకుంటూ మైలు పదకొండు నిమిషాల్లో పరిగెత్తేదాన్ని. దీపావళికి పన్నెండు దాటింది. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ నాటికి మాటలు ఆగిపోయాయి. మాట్లాడితే ఊపిరి అందదు. బట్టలు మూడు పొరలు, కింద మంచు, మూతికి గుడ్డ, ఎవరైనా నెమ్మదిస్తారులే అన్నారు. నేనూ అదే అన్నాను. డిసెంబరులో నేను పరిగెత్తడం, కుర్రాడు పక్కన నడవడం ఒకటే వేగం. వాడు పాపం కనబడనివ్వకుండా చిన్నచిన్న అంగలేసేవాడు. గడియారం గుండె వేగం 178 చూపిస్తుంటే చలికి సెన్సర్ పనిచేయడం లేదనుకున్నాం. ఇంట్లో బట్టల బుట్ట పట్టుకుని బేస్‌మెంట్ నుంచి మెట్లెక్కితే మధ్యలో నిలబడాల్సి వచ్చేది. చెవుల్లో గుండె కొట్టుకోవడం వినిపించేది. దువ్వెన నిండా జుట్టు. ఆఫీసు మీటింగులో కూర్చునే నిద్ర. హీటర్ 72 ఫారెన్‌హీట్‌లో ఉన్నా చేతులు చల్లగా ఉండేవి. మా ఆయన ఇంకో దుప్పటి కొనుక్కొచ్చాడు.

డాక్టరుకు చూపించుకోలేదా అంటే, చూపించుకున్నాను. పావుగంట వీడియో అపాయింట్‌మెంట్. భారతీయులా, ఉత్తరాన ఉంటున్నారా, విటమిన్ డి చూద్దాం అన్నారు. చూస్తే నిజంగానే తక్కువ. బిళ్ళలు, పొద్దున ఎదురుగా పెట్టుకోవడానికి ఎండలాంటి వెలుగిచ్చే ఒక దీపం, ఫిబ్రవరి దాటితే సర్దుకుంటుందన్న ధైర్యం. రక్తకణాల లెక్క ఎవరూ రాయలేదు. నాకూ తీరిగ్గా మంచి కారణం దొరికింది కదా, దీపం ముందు కూర్చుని కాఫీ తాగేదాన్ని.

ఇక ఐసు సంగతి. ఎప్పుడు మొదలైందో గుర్తులేదు గానీ నవంబరుకల్లా ఫ్రిజ్‌లోని ఐసు ముక్కలు గ్లాసులకొద్దీ నమిలేదాన్ని. నీళ్ళ కోసం కాదు, ఆ కరకర కోసం. బయట చెరువు గడ్డకట్టి దాని మీద జనం గుడిసెలేసుకుని చేపలు పడుతుంటే, లోపల నేను రెండు దుప్పట్లు కప్పుకుని ఐసు నమలడం! రాత్రి రెండింటికి మెలకువ వస్తే వంటింట్లోకి పోయేదాన్ని. చూరుకు వేలాడే ఐసు కడ్డీల మీదికి కూడా చూపు పోయేదంటే నమ్మండి. చిన్నప్పుడు నేను బియ్యం డబ్బా దగ్గరే ఉండేదాన్ని. బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందే అని అమ్మమ్మ తిట్టేది. బడిలో నాతో పాటు బలపాలు నమిలే పిల్లలు వరసకి ఇద్దరో ముగ్గురో. వాటికీ ఒంట్లో ఇనుముకీ సంబంధం ఉండొచ్చని మాకెవరూ చెప్పలేదు.

జనవరి మొదటి వారం తుపానుకు పదిహేను అంగుళాల దాకా పడింది. ఆ తర్వాతి శనివారం సగం రౌండు కూడా కాకుండానే ఆగిపోయి, అందరికంటే ముందే కాఫీ షాపులో కూర్చున్నాను. మిగతావాళ్ళు కనురెప్పల మీద మంచుతో లోపలికొచ్చేసరికి నా ముందు కప్పు నిండా ఐసు. నర్సమ్మ గ్లౌజులు తీస్తూ తీస్తూ ఆగి, ఇదెప్పటి నుంచి అని అడిగింది. నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నా కింది రెప్ప లాగి చూసింది, అరచెయ్యి తిప్పి చూసింది, నెలసరి ఎన్నాళ్ళుంటుంది, ఎంత అవుతుంది అని చెవిలో అడిగింది. "సోమవారం రక్త పరీక్ష చేయించుకో, ఫెరిటిన్ కూడా రాయమని నోరు తెరిచి అడుగు" అంది.

సోమవారం ఇచ్చాను, సాయంత్రానికల్లా ఫోన్. హిమోగ్లోబిన్ 7.9. ఆడవాళ్ళకు 12 ఉండాలి. ఫెరిటిన్ 4. ఫెరిటిన్ అంటే ఒంట్లో దాచుకున్న ఇనుము ఎంతుందో చెప్పే లెక్క, 15 కంటే తగ్గితేనే నిల్వలు అయిపోయినట్టు. గుండె నొప్పి ఉందా, కళ్ళు తిరిగి పడిపోయారా అని అడిగారు. నేను పరుగు సంగతి చెప్పగానే అవతల కాసేపు నిశ్శబ్దం. గడియారం సెన్సర్ సరిగ్గానే పనిచేసిందన్నమాట. ఆక్సిజన్ మోసే సరుకు లేక గుండె రెట్టింపు ట్రిప్పులు తిరిగింది.

ఇనుము ఎటు పోయిందన్నది తర్వాతి ప్రశ్న. గోధుమ పడని జబ్బేమో అని ఒక పరీక్ష, కడుపులో పుండు ఏమైనా ఉందా అని ప్రశ్నలు. పరుగు వల్ల కూడా కొంత పోతుందట: పాదం నేలకు కొట్టుకున్నప్పుడు కొన్ని ఎర్రకణాలు చితుకుతాయి, బాగా కష్టపడ్డాక కొన్ని గంటలపాటు పేగులు ఇనుమును సరిగా పీల్చుకోవు. నాలాంటి శాకాహారికి, అన్నం తిన్న వెంటనే టీ తాగేదానికి, ఆ కాస్తా ఎక్కువే. కానీ అసలు చిల్లు అక్కడ లేదు. అల్ట్రాసౌండ్‌లో గర్భసంచి లోపలికి పొడుచుకొచ్చిన ఫైబ్రాయిడ్, అంటే కండ గడ్డ, కనిపించింది. రెండు సెంటీమీటర్లు ఉంటుందేమో, అంతే. రెండేళ్ళుగా ప్రతి నెలా నన్ను ఖాళీ చేసింది అదే. గంట గంటకీ ప్యాడ్ మార్చడం మామూలు కాదని నలభై దాటాక ఇంకొకరు చెబితే తెలిసింది. మా ఇంట్లో ఆడవాళ్ళందరికీ అంతే, కాబట్టి అదే మామూలు.

అమ్మకు చెబితే తోటకూర, బెల్లం, ఖర్జూరాలు, బీట్‌రూట్ రసం, ఇనప మూకుడులో వంట వరసగా వచ్చాయి. తప్పేం కాదు గానీ ఫెరిటిన్ 4 ఉన్నప్పుడు కూరలతో పూడే గొయ్యి కాదది. బీట్‌రూట్‌కి రంగే గానీ ఇనుము అంతంత మాత్రమే. చెప్పిన వాటిలో ఇనప మూకుడు ఒక్కటే పనికొచ్చే సలహా, పులుపు పడితే అందులోంచి కొంత ఇనుము నిజంగానే కూరలోకి దిగుతుంది. పిన్ని ఫోన్ లాక్కుని, "పిల్లలు పుట్టేశారు కదే, గర్భసంచి తీయించేసుకో, పీడా పోతుంది" అంది. ఆవిడ ముప్ఫై ఆరో ఏట తీయించుకుంది. దేశంలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన రెండూ ముందే ఉంటాయి, రక్తహీనత చూస్తే సగానికి పైగా ఆడవాళ్ళకి ఉంది. ఇక్కడి డాక్టరమ్మ మాత్రం ఆ మాటే ఎత్తలేదు. సన్నటి గొట్టంలాంటి కెమెరా లోపలికి పంపి ఫైబ్రాయిడ్ ఒక్కటే తీసేస్తాం, కోత ఉండదు, అదే రోజు ఇంటికి అంది. కాకపోతే ముందు రక్తం కాస్త పెరగాలి.

బిళ్ళలు మొదలెట్టాను. రోజు విడిచి రోజు, పరగడుపున, నారింజ రసంతో. రోజూ వేసుకుంటే ఇంకా తొందరగా పెరుగుతుందిగా అనుకున్నాను గానీ, ఒక మోతాదు పడ్డాక ఒళ్ళు ఒక రోజంతా ఇనుముకు తలుపు సగం మూస్తుందట, మర్నాడు వేసుకున్నది తక్కువే ఒంటికి పడుతుంది. నా కడుపు అదీ తట్టుకోలేదు. వికారం, మలబద్ధకం. సెలైన్ ద్వారా ఎక్కిద్దామంటే ఇన్సూరెన్స్ వాళ్ళు బిళ్ళలు ఇంకొన్నాళ్ళు వాడి చూడమన్నారు. ఆ ఉత్తరాలు, ఫోన్లలో ఆ మ్యూజిక్ గురించి రాస్తే బీపీ కూడా వస్తుంది, వదిలేద్దాం. ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది. రెండొందల మిల్లీగ్రాముల చొప్పున ఐదు సిట్టింగులు. సంచిలో చిక్కటి గోధుమరంగు నీళ్ళు, నాలుక మీద బిందె అంచు నాకినట్టు రుచి, కిటికీలోంచి మంచు తోసే బండ్లు.

పరుగు బంద్. శనివారాలు మానేద్దామనుకున్నాను, పోస్ట్‌మ్యాన్ ఒప్పుకోలేదు. నీతో పాటు నడవడానికి నా మోకాళ్ళు కూడా ఒక కారణమే అన్నాడు. అలా వెనక నడిచేవాళ్ళ బ్యాచ్ ఒకటి తయారైంది. నేను ఫ్లాస్కులో మిరియాల చారు తెచ్చేదాన్ని. మొదటిసారి టీచరు దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకుంది, మూడో వారానికి తన కప్పు తనే తెచ్చుకుంది. ఫిబ్రవరి నాలుగో వారం మళ్ళీ అడుగుకు పైగా పడితే, మా ఆయన ఊళ్ళో లేడు, పార అందుకున్నాను. కరీంనగర్ కుర్రాడు స్నో బ్లోయర్‌తో దిగాడు. "అక్కా, నువ్వు లోపలికి పో. నేన్ జూస్కుంట." నర్సమ్మ పంపించిందని తర్వాత తెలిసింది. మంచు తోడుతూ గుండె ఆగిపోయినవాళ్ళను ఆవిడ సర్వీసులో చాలామందిని చూసిందట.

ముందు తగ్గింది ఐసు పిచ్చి. రెండో సిట్టింగ్ తర్వాత ఒక రోజు ఫ్రిజ్ ముందు గ్లాసు పట్టుకుని నిలబడి, నాకిదెందుకు అనిపించింది. అప్పటికి హిమోగ్లోబిన్ పెద్దగా కదల్లేదు. డాక్టరమ్మను అడిగితే చాలామందిలో అదే ముందు పోతుంది, ఎందుకో ఇంకా ఎవరూ తేల్చలేదు అంది. మార్చి రెండో వారానికి బట్టల బుట్టతో మెట్లు ఆగకుండా ఎక్కాను. ఫైబ్రాయిడ్ తీసిన రోజు మధ్యాహ్నానికి ఇంట్లో ఉన్నాను, సాయంత్రం పెరుగన్నం తిన్నాను. ఆ మర్నెల నెలసరి వచ్చినప్పుడు ఇంతేనా అనుకున్నాను.

ఏప్రిల్ 1న తెల్లారేసరికి మళ్ళీ తడిమంచు, ఉరుములతో సహా. రెండో వారంలో ఒక్కసారిగా ఎండ 80 ఫారెన్‌హీట్ దాటింది. ఆ వారమే డాక్టరమ్మ నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక అని అనుమతిచ్చింది. హిమోగ్లోబిన్ 11.6. మే చివరికి లేక్ హారియెట్ చుట్టూ ఆగకుండా ఒక రౌండు, మైలు పదమూడు నిమిషాల లెక్కన, మాట్లాడుతూనే. ఏం మాట్లాడానో కూడా గుర్తుంది, కుర్రాడితో సర్వపిండి గురించి వాదన.

ఫెరిటిన్ ఇప్పుడు 38. యాభై దాటించాలంటోంది డాక్టరమ్మ, కాబట్టి రోజు విడిచి రోజు బిళ్ళ నడుస్తోంది, ఈసారి కడుపు ఊరుకుంది. టీ అన్నం తిన్న గంటకి జరిగింది. నా గొడవంతా విన్నాక టీచరు కూడా అడిగి మరీ పరీక్ష చేయించుకుంది. ఆవిడది 11. ఆవిడకు ఐసు లేదు, ఆయాసం లేదు, జుట్టు మాత్రం రాలుతోంది, దానికి చలిని తిట్టుకుంటోంది. పోయిన శనివారం అంతా మలబద్ధకం గురించే మాట్లాడుకుంటూ పరిగెత్తాం. వచ్చే వారం ఇసబ్‌గోల్ పొట్లం తెస్తానన్నాను.