విభీషణుడు ఆకాశంలో ఆగిన ఆ కాసేపు

రామాయణంలో నేను మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి చదువుకునే చోటు ఒకటుంది, యుద్ధకాండ 17, 18 సర్గలు. విభీషణుడు నలుగురు అనుచరులతో సముద్రం దాటి వచ్చాడు, కానీ నేల మీదికి దిగలేదు, ఉత్తరపు ఒడ్డు మీద ఆకాశంలోనే ఆగాడు. కింద వానరులు అప్పటికే చెట్లూ బండరాళ్లూ పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. అతను తనెవరో దాచుకోలేదు. రావణుడనే దుర్మార్గుడున్నాడు, నేను అతని తమ్ముణ్ణి అనే మొదలుపెట్టాడు, భార్యాబిడ్డల్ని వదిలేసి రాముణ్ణి శరణు కోరి వచ్చానన్నాడు. దీన్ని మనం శరణాగతి ఘట్టం అంటాం. నిజమే. కానీ ఎదుటి మనిషి మనసులో ఏముందో ఎలా తెలుసుకోవాలి అనే ప్రశ్నకు ఇంతకంటే మంచి పాఠం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

రాముడు అందరినీ అడుగుతాడు. సుగ్రీవుడు చంపెయ్యమన్నాడు. అంగదుడు పరీక్షించి చూద్దామన్నాడు, శరభుడు గూఢచారిని పంపమన్నాడు, జాంబవంతుడు ఇతను రాకూడని చోటికి, రాకూడని వేళకి వచ్చాడు కాబట్టి అనుమానించాల్సిందే అన్నాడు, మైందుడు మెల్లగా ప్రశ్నలు వేసి రాబట్టమన్నాడు. మనం కూడా మనుషుల విషయంలో ఈ ఐదింట్లో ఏదో ఒకటి చేస్తూనే ఉంటాం కదా.

హనుమంతుడి వంతు వచ్చినప్పుడు ఆయన ఒక్కో సలహానీ తీసుకుని ఎందుకు కుదరదో చెబుతాడు. అందులో మైందుడికి ఇచ్చిన జవాబు దగ్గర నేను ఆగిపోతాను. ఉన్నట్టుండి ప్రశ్నలు వేస్తే తెలివైనవాడు శంకిస్తాడు, మంచి మనసుతో వచ్చిన మిత్రుణ్ణి అలా అడగరానివి అడిగితే ఆ స్నేహమే చెడుతుంది అంటాడు. మరి ఎలా తెలుస్తుంది? దానికి ఈ శ్లోకం:

ఆకారశ్ఛాద్యమానోఽపి న శక్యో వినిగూహితుమ్
బలాద్ధి వివృణోత్యేవ భావమంతర్గతం నృణామ్

ఎంత దాచాలని చూసినా ముఖకవళిక దాగదు, లోపలి భావాన్ని అది బలవంతంగా బయటపెట్టేస్తుంది. ఇతను మాట్లాడుతుంటే మాటలో దుష్టత్వం కనబడలేదు, ముఖం ప్రసన్నంగా ఉంది, మోసగాడు ఇంత నిబ్బరంగా ఎదురుగా రాడు అంటాడు హనుమ. అంటే అందరూ విభీషణుడి గురించి ఆలోచిస్తున్న సమయంలో ఆయన విభీషణుణ్ణి చూస్తూ ఉన్నాడు.

ఇది నాకు అర్థమైంది పుస్తకంలోంచి కాదు. మా నాన్నగారు ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజుల్లో నా దగ్గరి స్నేహితుడు ఒక్కసారి కూడా రాలేదు. డిశ్చార్జి అయ్యాక ఇంటికి వచ్చాడు. నేను కూర్చోబెట్టి లాయరు అడిగినట్టు అడిగాను, ఎందుకు రాలేదు, కనీసం ఫోన్ ఎందుకు చెయ్యలేదు, ఆ ఆదివారం ఎక్కడున్నావు అని. "కుదరలేదురా" అన్నాడు, అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు, కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు. చాలా రోజులు ఆ మాట నన్ను కాల్చింది. తర్వాత ఒక రాత్రి నిద్రపట్టక ఆ సాయంత్రాన్ని తలుచుకుంటుంటే, అతను నా వైపు ఒక్కసారి కూడా చూడలేదనీ, బల్ల మీద నాన్నగారి మందుల అట్టల వైపే చూస్తూ కూర్చున్నాడనీ, లేచేటప్పుడు ఒక అట్టని వేలితో సరిగ్గా జరిపి పెట్టాడనీ గుర్తొచ్చింది. వాళ్ల నాన్న పోయింది ఆసుపత్రిలోనే, అంతకు రెండేళ్ల ముందు. ఆ విషయం నాకు బాగా తెలుసు. తెలిసి కూడా అతని నోటి నుంచి వచ్చే జవాబు కోసమే ఎదురుచూశాను, ముఖంలోకి చూడలేదు. హనుమ వద్దన్న పని ఏదో సరిగ్గా అదే చేశాను.

ఇంకో సంగతి. విభీషణుడిది పూర్తిగా నిస్వార్థం అని హనుమ ఎక్కడా అనడు. వాలి పోయి సుగ్రీవుడికి రాజ్యం దక్కిందని విన్నాడు, తనకూ రాజ్యం కావాలనుకుని, ఆలోచించుకునే ఇక్కడికి వచ్చాడు అంటాడు. అయినా చేర్చుకోవచ్చు అనే అంటాడు. ఈ మాట నాకు ఎంత ఊరటో చెప్పలేను. మనిషి మనసులో మంచీ ఉంటుంది, కాస్త ఆశా ఉంటుంది, భయమూ ఉంటుంది, అన్నీ కలిసే ఒక పని చేయిస్తాయి. స్వార్థం ఒక్క చుక్క కనబడగానే ఓహో ఇందుకా అని మొత్తం మనిషిని కొట్టిపారెయ్యడం మనకి అలవాటైపోయింది.

సుగ్రీవుడు మాత్రం ఒప్పుకోడు. ఇంత ఆపదలో ఉన్న అన్ననే వదిలేసినవాడు రేపు ఎవరిని వదలడు అంటాడు. అన్న చేతిలో అంత బాధపడినవాడు కదా, అన్నదమ్ములంటే అతనికి గుర్తొచ్చేది ఆ గాయమే. ఋష్యమూకం మీద రామలక్ష్మణుల్ని మొదటిసారి చూసినప్పుడు కూడా వీళ్లని వాలే పంపి ఉంటాడని వణికిపోయాడు. అప్పుడూ వెళ్లింది హనుమే. ఆ రోజు రాముడు హనుమని గుర్తుపట్టింది ఎలాగో చూడండి, ఇంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం లేదు, ముఖంలో, కళ్లలో, నుదుట, కనుబొమల్లో ఎక్కడా దోషం లేదు అని లక్ష్మణుడితో చెబుతాడు. తనని ఎలా చూశారో, హనుమ ఇవాళ విభీషణుణ్ణి అలాగే చూస్తున్నాడు.

రాముడికి సుగ్రీవుడి మీద కోపం రాదు. చిన్నగా నవ్వి, శాస్త్రాలు చదవకుండా, పెద్దల్ని సేవించకుండా ఎవరూ ఇలా మాట్లాడలేరు అని మెచ్చుకుంటాడు, అన్నదమ్ములందరూ భరతుడిలా ఉండరు నాయనా అంటాడు. ఆ అనుమానం వెనక ఉన్నది తన మీద ప్రేమేనని ఆయనకి తెలుసు. ఆకాశంలో ఉన్నవాడి మనసు గురించి ఇంత చర్చ జరుగుతుంటే పక్కన కూర్చున్నవాడి మనసు కూడా ఆయన చదువుతూనే ఉన్నాడు.

తన మాట మాత్రం ముందే చెప్పేశాడు.

మిత్రభావేన సంప్రాప్తం న త్యజేయం కథంచన
దోషో యద్యపి తస్య స్యాత్ సతామేతదగర్హితమ్

మిత్రుడిలా వచ్చినవాణ్ణి ఏ పరిస్థితిలోనూ వదలను, అతనిలో దోషం ఉన్నా సరే. హనుమ మనసు చదివి నమ్మాడు, రాముడు ఆ చదువు తప్పినా నిలబడే మాట ఇచ్చాడు. మనకి ఆ బలం లేదు, నిజమే, నమ్మి దెబ్బతిన్నవాళ్లకి ఈ శ్లోకం చెప్పి ఓర్చుకోమనడం నాకు ఇష్టం లేదు కూడా. రాముడి చేతిలో విల్లు ఉంది, పక్కన సైన్యం ఉంది, లోకంలోని రాక్షసులందరినీ వేలికొనతో చంపగలనని సుగ్రీవుడికి ఆయనే చెబుతాడు.

చివరికి తీసుకురమ్మని చెప్పింది ఎవరితోనో తెలుసా, సుగ్రీవుడితోనే. ఇతనికి అభయం ఇచ్చాను, విభీషణుడైనా సరే, స్వయంగా రావణుడే అయినా సరే తీసుకురా అంటాడు. చంపెయ్యమన్న ఆ సుగ్రీవుడే అప్పుడు, నా అంతరాత్మ కూడా ఇతను శుద్ధుడనే చెబుతోంది రాఘవా, ఇతను మాతో సమానంగా ఉండనీ, మాకు స్నేహితుడు కానీ అంటాడు.