రబ్బరు గీత నేర్పిన సింగపూర్ తోట

సింగపూర్ తెలుగువాళ్లకు బొటానిక్ గార్డెన్స్ అంటే ఆదివారం పులిహోర డబ్బాలు, ఆర్కిడ్ల ముందు ఫోటోలు. 1859లో టాంగ్లిన్‌లో మొదలైన ఈ తోటకు ఇంకో చరిత్ర ఉంది. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి కంగాణీల (కూలీలను పోగుచేసి తీసుకెళ్లే మేస్త్రీల) వెంట మలయా (నేటి మలేసియా) వెళ్లి రబ్బరు తోటల్లో చేరినవాళ్లు నేర్చిన గీత పద్ధతికి, అంటే పాల కోసం చెట్టు బెరడు గీసే పనికి, మూలం ఇక్కడే.

రబ్బరు గింజ ఎండితే పనికిరాదు, కొన్ని వారాల్లోనే మొలకశక్తి పోతుంది. 1876లో హెన్రీ వికమ్ బ్రెజిల్ నుంచి దాదాపు 70,000 గింజలు లండన్‌లోని క్యూ తోటకు చేరిస్తే మొలిచినవి సుమారు 2,700. మరుసటి ఏడు 22 మొక్కలు సింగపూర్ వచ్చాయి. కొన్నిటిని మలయాలోని పెరాక్‌ రాష్ట్రంలో, కువాలా కాంగ్సార్‌లో నాటారు.

1888లో సింగపూర్ తోట బాధ్యత తీసుకున్న హెన్రీ రిడ్లీ వీటి వెంట పడ్డాడు. బ్రెజిల్‌లో గొడ్డలితో గాట్లు పెట్టేవారు, మాను దెబ్బతినేది. రిడ్లీ బెరడును పలచగా చెక్కి, మళ్లీ అదే గాటును తెరిచి చూశాడు. పాలు మొదటిసారి కంటే తర్వాతే ఎక్కువ వచ్చాయి. కాఫీ దొరలు మాత్రం 'పిచ్చి రిడ్లీ' అని నవ్వారు. చివరికి 1896లో మలక్కాలో టాన్ చే యాన్ అనే తోటల యజమాని రబ్బరును వాణిజ్యపంటగా వేశాడు. నన్నడిగితే, ఆ కాఫీ దొరల కంటే ఆయనకే చూపు ఎక్కువ.

గీత చూడ్డానికి తేలిక. మాను చుట్టుకొలత 50 సెంటీమీటర్లు దాటాక, అంటే ఆరేడేళ్లకు మొదలుపెడతారు. పాల నాళాలు బెరడులో కుడివైపు పైకి కాస్త వాలుగా పాకుతాయి. అందుకే గాటు ఎడమ పైనుంచి కుడి కిందికి, సుమారు 30 డిగ్రీల వాలులో ఉండాలి. అప్పుడే ఎక్కువ నాళాలు తెగుతాయి. ఒక్కో గీతకు చెక్కేది ఒకటిన్నర మిల్లీమీటరు బెరడే. లోపలి కొయ్యకు తగలకుండా మిల్లీమీటరు దాకా బెరడు వదిలేయాలి. చెయ్యి జారి కత్తి కొయ్యను తాకిందా, అక్కడ కొత్త బెరడు బుడిపెలుగా వస్తుంది, ఏళ్ల తర్వాత మళ్లీ అదే చోట గీయబోతే కత్తి నడవదు. పైపైన గీస్తే పాలే రావు.

తెల్లవారకముందే వెళ్లడానికి కారణం ఉంది. ఆ చల్లదనంలో చెట్టులో నీటి ఒత్తిడి ఎక్కువ, ఎండ ఎక్కేకొద్దీ ధార సన్నబడుతుంది. రెండు మూడు గంటలకు నాళాల మొనలు గడ్డకట్టి ఆగిపోతుంది. కప్పుల్లోని పాలు పోగుచేసి, నీళ్లతో పలచన చేసి, గడ్డకట్టడానికి ఫార్మిక్ ఆమ్లం కలుపుతారు. ఆమ్లం ఎక్కువైతే గడ్డ బిరుసెక్కి, షీట్లుగా నొక్కే రోలర్ల కింద సరిగా సాగదు. గాటు వెంట ఎండిన పీచు, కప్పు అడుగున మిగిలిన గడ్డ కూడా పారేయరు, తక్కువ ధరకు పోతాయి.

ఏ చెట్టునైనా కనీసం ఒక రోజు విడిచి గీయడమే మేలు. ఆశకొద్దీ రోజూ గీస్తే గాటు ఎండిపోయే జబ్బు వస్తుంది, ఆ చెట్టుకు నెలల తరబడి విశ్రాంతి ఇవ్వాల్సిందే. ఇక వాన. తడిసిన బెరడు మీద పాలు గాడి దాటి మాను పొడవునా కారిపోతాయి, గాటుకు బూజు తెగులు పడుతుంది. గాటు పైన తారు పూసి ప్లాస్టిక్ పావడా కడితే చాలావరకు ఆగుతుంది. పూత మధ్యలో సందు వదిలితే నీళ్లు నేరుగా కప్పులోకే దిగుతాయి.