పట్టాయా వదిలేసి బ్యాంకాక్‌లోనే

2025లో ఆగస్టు 15 శుక్రవారం పడింది. క్యాలెండర్ ఇంటికొచ్చిన రోజే మా తమ్ముడు ఆ వారాంతం చుట్టూ ఎర్ర పెన్నుతో గీసేశాడు. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కి నాలుగు గంటల లోపు ప్రయాణం. గురువారం ఆఫీసు చూసుకుని రాత్రి విమానం ఎక్కితే శుక్రవారం తెల్లారేసరికి అక్కడ దిగొచ్చు. మేం వెళ్లినప్పుడు మనవాళ్లకి వీసా అక్కర్లేదు. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపితే చాలు. ఈ రూల్స్ మారుతుంటాయి, టికెట్ కొనే ముందు మీరూ ఓసారి చూసుకోండి.

గొడవంతా బీచ్‌లుండే పట్టాయా ఊరి విషయంలో వచ్చింది. మన ఊళ్లలో బ్యాంకాక్ ప్యాకేజీ అంటే చాలు, పట్టాయా, కోరల్ ఐలాండ్, సఫారీ వరల్డ్ కలిపే అమ్ముతారు. వారం రోజులుంటే సరే. ఉన్న కాస్త టైములో పోను రెండు గంటలు, రాను రెండు గంటలు రోడ్డు మీదే గడిపి, మధ్యలో సామాను సర్దుకుని హోటల్ మారడం నాకు నచ్చలేదు. పైగా అమ్మని కూడా తీసుకెళ్తున్నాం, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. "అక్కా, అంత దూరం వెళ్లి బీచ్ చూడకుండా వస్తామా?" అన్నాడు తమ్ముడు. "బీచ్ కావాలంటే వైజాగ్ పోదాం పదరా" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

బ్యాంకాక్‌లో మ్యాప్ చూసి ఐదు కిలోమీటర్లే కదా అని సాయంత్రం పూట క్యాబ్ ఎక్కితే గంట అందులోనే అయిపోవచ్చు. అందుకే చూడాల్సినవాటి లిస్టు పక్కన పెట్టి ముందు హోటల్ ఎక్కడో తేల్చుకున్నాం. సఫాన్ టాక్సిన్ అనే చోట దిగాలనుకున్నాం. అక్కడ స్కైట్రైన్ (రోడ్డుకి పైన నడిచే మెట్రో) స్టేషన్ మెట్లు దిగితే ఎదురుగానే పడవల రేవు. ఎయిర్‌పోర్టు నుంచి ఫయా థై స్టేషన్ దాకా రైలు టికెట్ 45 బాత్‌లు, అక్కడ స్కైట్రైన్ మారాలి. బాత్ అంటే అప్పుడు సుమారు 2 రూపాయల 70 పైసలు. ఆ తర్వాత తిరుగుడంతా చావో ఫ్రయా నది మీదే. ఆరెంజ్ జెండా పడవకి ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగినా 16 బాత్‌లు. కండక్టరమ్మ చేతిలో పొడవాటి రేకు గొట్టం. దాన్ని గలగలలాడిస్తూ వస్తుంది. చిల్లరా అందులోనే, టికెట్లూ అందులోనే. ఆ చప్పుడు వినగానే జనం పర్సులు తీస్తారు.

మొదటి రోజు మధ్యాహ్నం వాట్ ఫో గుడి. పడుకున్న బుద్ధుడు 46 మీటర్ల పొడవు. తల దగ్గర నిలబడితే పాదాలు కనిపించవు. అరికాళ్ల మీద ముత్యపు చిప్పలతో 108 శుభచిహ్నాలు పొదిగారు. వీపు వైపు గోడ వెంట 108 కంచు పాత్రలు వరసగా ఉంటాయి. 20 బాత్‌లిస్తే ఒక గిన్నెలో చిల్లర నాణేలు పోసిస్తారు, పాత్రకి ఒకటి చొప్పున వేసుకుంటూ పోవాలి. అమ్మ 108 అని వినగానే వేంకటేశ్వర అష్టోత్తరం అందుకుంది. నామానికో నాణెం, ఠంగుమని చప్పుడు. చివర్లో నాణేలు చాలలేదు. తమ్ముడు జేబులోంచి బాత్‌లు తీసి ఇచ్చాకే నమః పూర్తయింది.

పడవలో అవతలి ఒడ్డుకి దాటితే వాట్ అరుణ్ అనే ఇంకో గుడి. దూరం నుంచి తెల్లగా కనిపించే గోపురం దగ్గరికెళ్తే చైనా పింగాణీ ముక్కలతో చేసిన పూలమయం. మెట్లు నిటారుగా ఉన్నాయి, అమ్మ కిందే కూర్చుంది. ఆ సాయంత్రం ఆరింటికి స్కైట్రైన్ స్టేషన్‌లో పాట మొదలవగానే జనమంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. వాళ్ల జాతీయ గీతమట, రోజూ ఇంతే. మన ఆగస్టు 15న వేరే దేశం గీతానికి నిలబడ్డాం.

శనివారం పొద్దున్నే గ్రాండ్ ప్యాలెస్. టికెట్ 500 బాత్‌లు. దారిలో ఎవరైనా "ఈరోజు ప్యాలెస్ మూసేశారు, వేరే గుళ్లు చూపిస్తా" అంటే వినిపించుకోకుండా నడవండి, పాత మోసం అది. మోకాళ్లు, భుజాలు కనిపించకూడదు. నిక్కరేసుకొచ్చిన తమ్ముడు ఏనుగుల బొమ్మల పైజామా కొనుక్కున్నాడు. లోపల పచ్చ బుద్ధుడి గుడి చుట్టూ వసారా గోడల మీద వాళ్ల రామాయణం, రామకియెన్, 178 చిత్రాల్లో ఉంది. ఒకచోట హనుమంతుడు కొండంత పెరిగి, రాముడి విడిదిని నోట్లో పెట్టుకుని కాపలా కాస్తున్నాడు. అమ్మ చటుక్కున ఆగింది. "ఇది మైరావణుడి కథే! మనదాంట్లో తోకతో కోట కడతాడు" అంది. చేప తోకున్న కోతి కుర్రాడి గురించి చెబితే మత్స్యవల్లభుడని వెంటనే పోల్చుకుంది. మన కథలో చెమట చుక్కని చేప మింగితే పుట్టాడు. వాళ్ల కథలో తల్లి సువన్నమచ్ఛా, రావణుడి కూతురైన మత్స్యకన్య, హనుమంతుడు ప్రేమించిన మనిషి. "ఆయనకి ప్రేమేంటే!" అని అమ్మ చెంపలేసుకుంది. మరో గంట ఆ గోడలు వదల్లేదు. పచ్చ బుద్ధుణ్ణి మాత్రం ఐదు నిమిషాల్లో చూసి వచ్చేసింది.

శాకాహారులకి పసుపు బోర్డు మీద ఎర్ర అక్షరాలు గుర్తు. చూడ్డానికి 17 అంకెలా ఉంటాయి, చదివితే "జే". "జే" అంటే మాంసం, చేప సాసే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. అలాంటి బండి దగ్గరే బొప్పాయి సలాడ్ తిన్నాం. మట్టి రోట్లో చెక్క రోకలితో దంచే ఆవిణ్ణి అమ్మ నిలబడి చూసింది. "నూరట్లేదు, ఊరికే తడుతోంది. అందుకే కాయ నలగట్లేదు" అని నాకు చెప్పింది.

ఆదివారం చతుచక్ సంత. వేల దుకాణాలు, శనాదివారాల్లోనే పూర్తిగా తెరుస్తారు. ఎండెక్కక ముందే వెళ్లాలి, మధ్యాహ్నం ఆ సందుల్లో ఊపిరాడదు. అమ్మ బట్టల వైపు చూడనైనా లేదు. నేరుగా మట్టి రోలు బేరానికి దిగింది. ఆవిడది తెలుగు, అమ్మేవాడిది థాయ్, మధ్యలో క్యాలిక్యులేటర్. రోలు పగిలిపోతుందని తమ్ముడు మొత్తుకున్నా వినలేదు. ఏనుగుల పైజామాలో చుట్టి వాడి బ్యాగులోనే పెట్టింది.