చిల్లులు లెక్కపెట్టిన ఆదివారం

తెల్లవారుజామున రైలు దిగేసరికి విజయనగరంలో ముసురు పట్టి ఉంది. ఆటో దిగి, చంకలోని కాగితాల చుట్ట తడవలేదని చూసుకున్నాకే చెప్పులు విప్పాను. తలుపు తీసిన అమ్మ నన్ను కాదు, చుట్టని చూసింది. "తుపాకీ కోసమని ఎల్లి కాయితాలు తెచ్చినావేటి?"

తుపాకీ ఇంకా లేదు. లైసెన్సు అర్జీ నడుస్తోంది. అది చేతికొచ్చేలోగా ఏది కొనాలో తేల్చుకుందామని రెండు రోజులు గచ్చిబౌలి రేంజికి వెళ్ళొచ్చాను. క్లబ్బు వాళ్ళ షాట్‌గన్‌లు మూడు, కోచ్ పక్కన నిలబడగా కాల్చి చూశాను. ఒకటి గొట్టం మీద గొట్టం ఉన్న ఓవర్ అండర్. తక్కినవి రెండూ సెమీ ఆటోమేటిక్‌లే, అంటే ఒక తూటా పేలగానే రెండోది తనంతట తనే ఎక్కేవి, ఒకటి గ్యాస్‌తో నడిచేది, ఇంకోటి ఇనర్షియాతో నడిచేది. నాకు ముందునుంచీ సెమీ మీదే మనసు. పోటీలకి పనికొచ్చే ఓవర్ అండర్ ధర వింటే మా మెడికల్ షాపులో ఉన్న సరుకంతా ఓసారి కళ్ళముందు తిరిగింది.

గాల్లోకి ఎగిరే పిట్టల్ని కాల్చే ట్రాప్ పోటీలో సెమీ ఒప్పుకోరని మా షాపుకొచ్చే ఒకాయన గట్టిగా వాదించాడు. ఒప్పుకుంటారు. అంతర్జాతీయ నిబంధనల్లో కాదన్నది పంప్ యాక్షన్‌ని. సెమీ అయితే మ్యాగజైన్‌లో ఒక్క తూటాకి మించి పట్టకుండా అడ్డం వేయించాలి, అంతే. గొట్టంలో ఒకటి, కింద ఒకటి. క్వాలిఫికేషన్‌లో పిట్టకి రెండు దెబ్బలే కాబట్టి అంతకన్నా అవసరమూ లేదు. (పిట్ట అంటే 11 సెంటీమీటర్ల క్లే బిళ్ళ. నిజం పిట్టల జోలికి ఎవరూ పోవడం లేదని అమ్మకి ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాను.)

ఇనర్షియాది పట్టుకుంటే ప్రాణం లేచొచ్చింది. తేలిక, నాజూకు. కానీ మొదటి పెట్టెలోనే రెండుసార్లు రెండో తూటా ఎక్కలేదు. తుపాకీ వెనక్కి తన్నే కుదుపుతోనే లోపలి యంత్రం తిరగాలి. పోటీల్లో వాడేవి లోపల 24 గ్రాముల సీసం గుళ్ళుండే తూటాలు, ఆ తుపాకీకి వాటి కుదుపు చాలలేదు. గ్యాస్‌ది అలా మొరాయించలేదు. పేలిన గ్యాస్‌లో కొంత తీసుకుని పిస్టన్‌ని తోసుకుంటుంది గనక భుజానికి దెబ్బ మెత్తగా తగిలింది. ఆ సుఖానికి బదులుగా సాయంత్రం మసి తుడుస్తూ కూర్చోవాలి. పైగా ఖాళీ డొప్పలు కుడిపక్కకి ఎగిరి, పక్క స్టేషన్‌లో నిలబడి కాలుస్తున్న కుర్రాడి మోచేతికి తగులుతుంటే ప్రతిసారీ "సారీ తమ్ముడూ" అనాల్సొచ్చింది.

సెమీలో నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది మాత్రం చోక్, అంటే గుళ్ళు ఎంత చెదరాలో తేల్చే గొట్టం కొస బిగింపు. ఓవర్ అండర్‌కి రెండు గొట్టాలు, రెండు చోక్‌లు. మొదటి దెబ్బ తప్పితే రెండో దెబ్బకి పిట్ట ఇంకో ఏడెనిమిది మీటర్లు పారిపోయి ఉంటుంది, అందుకని పై గొట్టంలో కాస్త బిగువైన చోక్ పెట్టుకుంటారు. సెమీకి ఉన్నది ఒక్కటే గొట్టం. దగ్గరకీ దూరానికీ అదే సర్దుకోవాలి. ఆ ఒక్క చోక్ ఏదో తేల్చడానికే ఈ కాగితాల మీద కాల్చి తెచ్చింది.

చోడంబలి తాగి ఓ గంట పడుకుని లేచి, హాల్లో కుర్చీలు గోడకి జరిపి కాగితాలు పరిచాను. అక్క కూతురు సెలవని ఇక్కడే ఉంది, ఏడో తరగతి. "చిల్లుకో చుక్క పెట్టు, పదికో రంగు మార్చు" అని స్కెచ్ పెన్నులిచ్చాను. వలయం ఇంటికొచ్చాకే గీశాం. ముందే గీసి దాన్ని గురి చూసి కాల్చడం కాదు, గుళ్ళు చిక్కగా పడ్డ చోటు చూసుకుని దాని మధ్యనుంచి 30 అంగుళాల వ్యాసంతో గియ్యాలి. కాల్చింది 40 గజాల నుంచి. ఒక్కో తూటాలో గుళ్ళు మూడొందలకి అటూఇటూ. మొదటి కాగితం మీద 207 తేలాయి, అంటే 69 శాతం. ఫుల్ చోక్‌కి 70 అని లెక్క, సరిపోయింది. రెండో కాగితం, వదులు చోక్‌ది, 158 దగ్గర ఆగింది. పైగా వలయంలో ఓ మూల అరచేయి పట్టేంత ఖాళీ. "మావా, పిట్ట ఇందులోంచి దూరిపోద్ది కదా" అంది పిల్ల. దూరిపోతుంది. అది తెలుసుకోడానికి నేను రెండు రోజులు షాపు మూశాను.

అమ్మ కూరగాయల బుట్టతో గుమ్మంలో ఆగి ఆ చిల్లులకేసి కాసేపు చూసింది. ఆవిడ పుట్టిల్లు పార్వతీపురం అవతల. 1967 తర్వాత ఆ కొండల్లో తుపాకీ చప్పుడు వినబడితే దీపం ఆర్పేసి కూర్చునే రోజుల్లో ఆవిడ చిన్నపిల్ల. నేను 2004లో గంటస్తంభం దగ్గర టీవీ షాపు ముందు నిలబడి, ఏథెన్స్‌లో షూటర్ రాజ్యవర్ధన్ రాథోడ్ మెడలో వెండి పతకం వేస్తుంటే చూసి దీనికి అంటుకున్నవాణ్ణి. ఒకే వస్తువు మా ఇద్దరికీ వేరు వేరు చోట్లనుంచి ఇంట్లోకొచ్చింది. ఏమీ అనకుండా చివర ఉన్న కాగితం కాస్త జరిపి దారి చేసుకుని వెళ్ళిపోయింది.

అసలు పేచీ దగ్గర నుంచి కాల్చిన కాగితాలతో వచ్చింది. 15 మీటర్ల నుంచి ఒక్కో తుపాకీతో ఐదేసి దెబ్బలు. రైఫిల్‌కైతే సైటు తిప్పుకోవచ్చు. షాట్‌గన్‌కి తిప్పడానికి ఏముంది, ముందు ఓ పూస. వెనక సైటు మన కన్నే. మూడు తుపాకులూ, నమ్మండి, మూడూ పన్నెండు సెంటీమీటర్లు ఎడమకే కొట్టాయి. రాత్రంతా రైల్లో ఏ స్టాకుకి, అంటే భుజానికి ఆనే కర్రకి, వంపు సర్దే షిమ్ పలకలు ఎన్ని వెయ్యాలో ఆలోచిస్తూ వచ్చాను. ఇప్పుడు పెన్సిలు తీసి లెక్కేశాను. కంటికీ పూసకీ మధ్య దూరం రమారమి ఒక మీటరు. 15 మీటర్ల దగ్గర 12 సెంటీమీటర్లు తేడా వచ్చిందంటే కంటి దగ్గర 8 మిల్లీమీటర్లు. అంత వంకర మూడు వేరు వేరు తుపాకుల్లో ఒకేలా ఉండదు. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది నేనొక్కణ్ణే.

అటక మీంచి ఉత్తుత్తి తుపాకీ దింపాను. పోయిన సంక్రాంతికి వడ్రంగి చేత చేయించింది. నేను పనస కర్ర అడిగితే ఆయన నవ్వాడు. "పనసైతే వీణకి బాగుంటది బాబూ, బొబ్బిలోళ్ళు తొలుస్తారు. మీకు బరువు కావాలంటే మద్ది ఎయ్యాల." మద్దే వేశాడు. గొట్టానికి నీళ్ళ పైపు. మొత్తం మూడు కిలోల నాలుగొందల గ్రాములు తూగింది. దీంతో డాబా మీద నిలబడితే పక్కింటాయన పిట్టగోడ దగ్గరకొచ్చి, పోలీసోళ్ళకి తెలుసా అని మెల్లగా అడిగాడు. అప్పట్నుంచి హాల్లోనే.

గోడకీ కప్పుకీ మధ్య గీత వెంబడి తుపాకీ ఎత్తి భుజానికి ఆనించడం, దింపడం. ఒకసారి ఎత్తి ఆనిస్తే ఒక మోపు. పిల్ల స్టూలెక్కి, పైపు కొసకి ఎదురుగా ఫోను పట్టుకుని వీడియో తీసింది. పది మోపులు అయ్యాక చూసి, "మావా, నీ కన్ను పైపు మీద లేదు, ఇవతలకుంది" అంది. పెద్దది చేసి చూశాను. నిజమే. చెంప కర్రకి ఆనినట్టే ఉంది గాని పూర్తిగా వాలడం లేదు. తల నిటారుగా నిలబెట్టుకుని, ఏదో ఫోటోకి నిలబడ్డట్టు ఉన్నాను. కన్ను ఎడమకుంటే గుండూ ఎడమకే పోతుంది. ఇన్నాళ్ళూ చెంప ఆనిందని నాకు నేనే అనుకుంటున్నాను. కోచ్ ఈ సంగతి అక్కడే చెప్పొచ్చు కదా అని కోపం వచ్చింది. ఆయన "ఇంటికెళ్ళి లెక్కపెట్టుకో" అన్నప్పుడు నవ్విన నవ్వు గుర్తొచ్చి ఊరుకున్నాను.

పిల్ల లోపలికి పరిగెత్తి అమ్మ బొట్టుబిళ్ళల అట్ట పట్టుకొచ్చింది. వీడియో చూసుకుంటూ, చెంప ఎముక ఎక్కడ ఆనాలో అక్కడ కర్ర మీద ఓ ఎర్రబిళ్ళ అంటించింది. ఆ బిళ్ళ చెంపకి తగిలితేనే లెక్క, లేకపోతే మోపు కొట్టేసినట్టే అని తనే నిబంధన పెట్టింది. మొదటి ఇరవైలో తొమ్మిది కొట్టేసింది. తర్వాత మెడ నొప్పెట్టింది. వాన తగ్గాక షాపు తీసి రెండు గంటలు కూర్చుని వచ్చి, మళ్ళీ మొదలుపెట్టాను. వందకి దగ్గరగా చేసుంటాను. గ్యాసా, ఇనర్షియానా అన్నది ఈ చెంప తేలాకే. వచ్చే నెల వరకూ ఆ మాట ఎత్తకూడదనుకున్నాను.

రాత్రి అన్నం పెడుతూ అమ్మ గరిటె గాల్లో ఉంచి నా మొహంకేసి చూసింది. "ఏట్రా అది?"

తడుముకుంటే కుడిచెంప మీద బొట్టుబిళ్ళ.