కొండదారికి నా బండిని సిద్ధం చేసుకున్న తీరు

విజయనగరం జిల్లా గజపతినగరంలో ఉంటూ, మెంటాడ వైపు కొండల్లో ఉన్న గిరిజన గ్రామాలకు పశువుల టీకాలు తీసుకువెళ్లే పని నాది. ఆ ఊళ్లలో కొన్నింటికి తారు రోడ్డు లేదు. ముందు గరప నేల, దాని మీద గోళీల్లా జారే ఎర్ర గులకరాళ్లు, తరువాత జీడితోటల మధ్య ఎడ్లబండి చాళ్లు, ఆపైన గెడ్డ అనే కొండవాగు, గెడ్డ దాటగానే నిటారు ఎత్తు. వెనుక ఐసు ప్యాకులతో నిండిన టీకాల పెట్టె ఉంటుంది కాబట్టి, బండి పడిపోవడం అంటే నా మోకాలు గీసుకుపోవడం ఒక్కటే కాదు, ఆ ఊరి మేకలకు ఆ రోజు టీకాలు అందకపోవడం కూడా. ఈ పని కోసమే హీరో ఎక్స్‌పల్స్ 200 4వి అనే మోటారు సైకిలు కొన్నాను. ముందు 21 అంగుళాల చక్రం, వెనుక 18 అంగుళాల చక్రం, నేల నుంచి 220 మిల్లీమీటర్ల ఎత్తు, ముందు 190, వెనుక 170 మిల్లీమీటర్ల సస్పెన్షన్ కదలిక ఉన్న ఈ బండి రెండు రకాల దారులకూ ఉద్దేశించినది. నా వాడకంలో ముఖ్యమైన దారి కొండదారే కనుక, తారు రోడ్డు మీది సుఖాన్ని కొంత వదులుకుని దానిని అటువైపు మార్చుకున్నాను.

మార్పులు అనగానే చాలామంది మొదట సైలెన్సరు గురించి, ఇంజిన్ శక్తి గురించి అడుగుతారు. నేను ఆ రెండింటినీ ముట్టుకోలేదు. కొండ ఎక్కుతున్నప్పుడు బండి ఆగిపోవడానికి కారణం చాలాసార్లు శక్తి చాలకపోవడం కాదు, ఉన్న శక్తి నేలకు అందకపోవడం. చక్రం ఒకచోటే గిరగిర తిరిగి గుంత తవ్వుతుంటే, ఇంజిన్ ఎంత బలమైనదైతే గుంత అంత త్వరగా లోతవుతుంది. చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ వాహనాన్ని తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చడాన్ని కట్టడి చేస్తుంది. 2019లో వచ్చిన సవరణ తరువాత, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు శిక్ష, లేదా రెండూ పడే అవకాశం ఉంది. అందువల్ల ఫ్రేమ్, ఇంజిన్, సైలెన్సరు, దీపాలు, అద్దాలు అన్నీ కంపెనీ ఇచ్చినట్టే ఉంచాను.

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చినవి టైర్లు. ముందు 90/90-21, వెనుక 120/80-18 అన్న అసలు కొలతలనే ఉంచి, బొడిపెలు ఎత్తుగా, ఎడంగా ఉన్న రకం తీసుకున్నాను. బొడిపెల మధ్య ఖాళీ ఎక్కువగా ఉంటేనే బురద అందులో పేరుకోకుండా చక్రం తిరిగేటప్పుడు విసిరివేయబడుతుంది. ఖాళీ తక్కువైతే రెండు నిమిషాల్లో టైరు మట్టితో నున్నగా తయారవుతుంది. దీనికి మూల్యం లేకపోలేదు. తడిసిన తారు మీద బ్రేకు వేసినప్పుడు బండి ఆగడానికి ఎక్కువ దూరం కావాలి, మలుపులో బొడిపెలు వంగుతున్నట్టు చేతికి తెలుస్తుంది. విజయనగరం నుంచి సాలూరు వెళ్లే జాతీయ రహదారి మీద లారీల వెనుక వెళ్లేటప్పుడు ఇప్పుడు నేను దూరం బాగా ఎక్కువగా ఉంచుతున్నాను.

టైరు ఎంత మంచిదైనా అందులో గాలి ఎంత ఉందన్నదే దాని పనిని నిర్ణయిస్తుంది. ఈ బండికి ట్యూబు టైర్లు. గాలి తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకుని రాయిని పట్టుకుంటుంది. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి, పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. పెట్టె బరువుతో నాకు సరిపడినది ముందు 20, వెనుక 22 పీఎస్ఐ. అంతకంటే కిందికి పోను. తిరిగి తారు ఎక్కగానే చేతి పంపుతో గాలి నింపుకుంటాను. గాలి తక్కువగా ఉన్నప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా ఇస్తే రిమ్ము తిరిగినంతగా టైరు తిరగదు, లోపలి ట్యూబు కొద్దికొద్దిగా జరుగుతుంది. దీనిని ఆపడానికి వెనుక చక్రానికి, వాల్వుకు ఎదురుగా రంధ్రం చేయించి, టైరును రిమ్ముకు అదిమి పట్టే రిమ్ లాక్ వేయించాను. వాల్వు కాడకు ఉండే చిన్న నట్టును రిమ్ముకు బిగించకుండా, పైకి తిప్పి క్యాపుకు ఆనించి ఉంచుతాను. అలా ఉంచితే ట్యూబు జరిగినప్పుడు వాల్వు పక్కకు వాలి కంటికి కనిపిస్తుంది. నట్టు రిమ్ముకు బిగిసి ఉంటే కాడ మొదట్లోనే తెగిపోతుంది. కొండ మీద పంక్చరు కొట్టు ఉండదు కాబట్టి ఈ చిన్న విషయాన్ని నేను చాలా పెద్దదిగా చూస్తాను.

నిలబడి నడపడానికి అనువుగా బండిని కుదుర్చుకోవడానికి పెద్దగా ఖర్చు కాలేదు. ఫుట్‌రెస్టుల మీది రబ్బర్లు తీసివేస్తే కింద పళ్లున్న ఇనుము బూటును పట్టుకుంటుంది. హ్యాండిల్‌ను 25 మిల్లీమీటర్లు పైకి లేపాను. లేపిన తరువాత ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పి, క్లచ్ కేబులు, బ్రేకు గొట్టం ఎక్కడా లాగడం లేదని చూసుకోవడం తప్పనిసరి. క్లచ్, బ్రేకు లీవర్లను, నిలబడినప్పుడు మోచేయి నుంచి వేళ్ల దాకా ఒకే వరుసలో ఉండేలా కిందికి వంచాను. వాటి బిగింపుల కింద టెఫ్లాన్ టేపు చుట్టి, కాస్త వదులుగా బిగించాను. బండి పడితే లీవరు తిరుగుతుంది తప్ప విరగదు.

ఇంజిన్ అడుగున కంపెనీ రేకు ఉన్నా, గెడ్డల్లోని గుండ్రాళ్లకు మరికొంత వెడల్పైనది కావాలనిపించింది. అందుకు సాలూరు వెళ్లాను. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న ఆ ఊరు లారీలకు పేరుపడ్డది. బాడీ కట్టే షెడ్లలో ఇనుము, అల్యూమినియం పని తెలిసిన పెద్దవాళ్లు ఉన్నారు. నాలుగు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు చూపించి, దీనికంటే మందమైనది వేద్దామా అని అడిగితే, మేస్త్రి గారు తల అడ్డంగా ఊపారు. "ఏటి బాబూ, మందం పెంచితే దెబ్బంతా బోల్టు మీదకి పోతాది. రాయి తగిలితే రేకు వంగాల గానీ బోల్టు తెగకూడదు" అన్నారు. ఆయన రేకుకూ ఫ్రేముకూ మధ్య నాలుగు చోట్ల లారీ ట్యూబు ముక్కలు కోసి పెట్టి, బోల్టు తలలు రేకులోకి దిగిపోయేలా గుంతలు తొలిచారు. తల బయటికి ఉంటే రాయి దానిని అరగదీసి, తరువాత ఏ స్పానరూ పట్టదు. ఆయిలు దించే బోల్టుకు ఎదురుగా రంధ్రం, బురద కారిపోవడానికి వెనుక వైపు రెండు చీలికలు పెట్టడం నేను అడగకుండానే చేశారు. అంత శ్రద్ధగా పని చేసే చేతులు దొరకడం అదృష్టమే.

చైనును తిప్పే పళ్ల చక్రం, అంటే ముందు స్ప్రాకెట్, 13 పళ్లది తీసి 12 పళ్లది వేశాను. దీంతో వెనుక చక్రానికి అందే లాగుడు సుమారు ఎనిమిది శాతం పెరిగింది. మొదటి గేరులో నడక వేగంతో, క్లచ్‌ను సగం నొక్కి పట్టుకోకుండానే ఎత్తు ఎక్కగలుగుతున్నాను. రహదారి మీద అదే వేగానికి ఇంజిన్ కాస్త ఎక్కువ తిరుగుతుంది, అంతే. చైను వదులును మాత్రం నేను బండి మీద కూర్చున్నప్పుడు మరొకరి చేత చూపిస్తాను, ఎందుకంటే సస్పెన్షన్ నలిగి మూడు ఇరుసులూ (ముందు స్ప్రాకెట్‌ది, వెనుక చక్రాన్ని పట్టుకున్న చేయి ఊగేది, వెనుక చక్రానిది) ఒకే వరుసలోకి వచ్చినప్పుడే చైను అత్యంత బిగువుగా ఉంటుంది.

ఇక సస్పెన్షన్. కంపెనీ వారి ర్యాలీ కిట్ వేస్తే ముందు 250, వెనుక 220 మిల్లీమీటర్ల కదలిక వస్తుంది. పోటీలకు అది సరైనదే. ఎత్తైన సీటు మీద టీకాల పెట్టెతో ఉండి, ఏటవాలు గులకరాళ్లలో కాలు ఆనించవలసిన నాకు మాత్రం అది సరిపడదు. ఉన్నదాన్నే నా బరువుకు కుదుర్చుకోవాలని నిశ్చయించుకున్నాను.

పద్ధతి సులువైనదే. వెనుక చక్రం గాలిలో ఉండేలా బండిని లేపి, ఇరుసు నుంచి నిట్టనిలువుగా సీటు కింద అంటించిన టేపు గుర్తు దాకా కొలిచాను: 612 మిల్లీమీటర్లు. తరువాత హెల్మెటు, బూట్లు, నిండు పెట్టెతో సహా ఎక్కి కూర్చుంటే, మా తమ్ముడు కొలిచినప్పుడు అది 540కి దిగింది. అంటే 170లో 72 ముందుగానే ఖర్చైపోయింది. గుంతలో పడ్డప్పుడు మిగిలేది తక్కువ. మొత్తం కదలికలో మూడో వంతు, అంటే 55 దగ్గర ఉండాలి. వెనుక షాకరు స్ప్రింగు బిగువును మెట్లు మెట్లుగా పెంచుకుంటూ 58కి తెచ్చాను. అప్పుడు నేను దిగి, పెట్టె తీసివేసి, ఒట్టి బండిని కొలిస్తే అది 12 మిల్లీమీటర్లే దిగుతోంది. అది 17 దాకా ఉండాలి. ఈ రెండో కొలతను చాలామంది వదిలేస్తారు, కానీ అసలు సంగతి చెప్పేది అదే: స్ప్రింగు నా బరువుకు మెత్తనిది, దానిని బిగించి పని జరిపిస్తున్నాను.

అందుకే బరువును జరిపాను. వెనుక క్యారియరు మీద ఉండే పెట్టెను తెచ్చి, నా వీపుకు ఆనేలా వెనుక సీటు మీద పట్టీలతో కట్టాను. నీళ్ల సీసాలు, పనిముట్లు ట్యాంకు పక్క సంచుల్లోకి చేరాయి. ఎత్తులో ముందు చక్రం లేచిపోవడం దీంతోనే బాగా తగ్గింది. ముందు ఫోర్కుల్లో చిక్కని ఆయిలు పోయమని సలహాలు వచ్చాయి గానీ, చిక్కని ఆయిలు చిన్న గులకరాళ్ల మీద కూడా ఫోర్కును బిరుసుగా చేసి చేతులను అదరగొడుతుంది. అదే రకం ఆయిలును మాన్యువల్ చెప్పిన మట్టం కంటే 10 మిల్లీమీటర్లు పైకి పోయించాను. లోపలి గాలికి చోటు తగ్గి, ఫోర్కు చివరి దాకా నలిగేటప్పుడు మాత్రమే గట్టిపడుతుంది. మొదటి కదలిక మెత్తగానే ఉంటుంది. గెడ్డ గట్టు దిగేటప్పుడు ఠప్పుమని తగిలే దెబ్బ ఇప్పుడు లేదు.

ఇంకా మిగిలింది వెనుక స్ప్రింగు ఒక్కటే. నా బరువు, పెట్టె బరువు చెప్పి, కాస్త గట్టి రకానికి అడ్వాన్సు ఇచ్చాను. అది వచ్చాక బిగువును కింది మెట్టుకు దించి, రెండు కొలతలూ మళ్లీ తీయాలి. ఒట్టి బండి 17, నాతో కలిపి 55 వస్తే వెనుక చక్రం పని పూర్తయినట్టే.