బరంపురం శివారు మడిలో ఇల్లు కట్టేముందు

ఒడిశాలోని బరంపురం శివార్లలో, అంబపువా, హల్దియాపదర్ వైపు వరిమళ్లలో సరిహద్దు రాళ్లు పాతేస్తున్నారు. జాగా చూడ్డానికి వచ్చినవాళ్లు ముందు ధర అడుగుతారు. అడగాల్సింది నీళ్ల దారి.

మళ్లు మెట్లుమెట్లుగా ఉంటాయి. పై మడి నిండితే మడవ గుండా కింది మడికి, అక్కణ్ణించి కాలవకి, చెరువుకి నీరు దిగుతుంది. మధ్యలో ఒక్కరు మెరక తోలిస్తే ఆ దారి తెగి, నీరు పక్కవాళ్ల వాకిట్లో నిలుస్తుంది. వాళ్లు ఇంకో అడుగు ఎత్తుతారు. చివరికి మొదట కట్టిన ఇల్లే పల్లమైపోతుంది. అందుకే జాగా చూడ్డానికి ఎండాకాలం వద్దు. శ్రావణ భాద్రపదాల్లో ముసురు పట్టిన మర్నాడు వెళ్లండి. తుంగ మొలిచిన చోటు, గోడల మీద నీటి చార ఉన్న చోటు వదిలేయడమే మేలు.

కొలతలో కూడా మోసపోవచ్చు. మన సెంటు, ఇక్కడి డెసిమలు ఒకటే: 435.6 చదరపు అడుగులు. గుంట మాత్రం వేరు. తెలంగాణలో 1,089 చదరపు అడుగులైతే ఒడిశాలో 4 డెసిమళ్లు, అంటే 1,742. బేరం డెసిమళ్లలోనే ఆడండి.

పట్టాలో ఖాతా, ప్లాటు నంబర్లతో పాటు 'కిసమ్' (భూమి రకం) గడి చదవాలి. 'శారద' అంటే వరి భూమి, 'ఘరబారి' అంటే ఇంటి జాగా. 'గోచర' (పశువుల మేత భూమి), 'జలాశయ' (చెరువు) అని ఉంటే ఆ మాటే ఎత్తొద్దు. అమ్మే మనిషి ఎస్సీ అయి కొనేవారు కాకపోతే, ఒడిశా భూసంస్కరణల చట్టం (1960) 22వ సెక్షన్ కింద రెవెన్యూ అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా ఆ అమ్మకం చెల్లదు. రిజిస్ట్రీ అయ్యాక ముందు మ్యుటేషన్ చేయించి పట్టా మీ పేరుకి తెచ్చుకోండి. తర్వాత అదే చట్టం 8-ఏ కింద కిసమ్ మార్చమని తహసీల్దారుకి దరఖాస్తు పెట్టాలి. ప్రీమియం, అంటే మార్పిడి రుసుము, కట్టాక ఘరబారి అవుతుంది. అది లేకుండా గోడలు లేపితే ప్లాను మంజూరు దగ్గర, బ్యాంకు అప్పు దగ్గర ఆగిపోతారు.

ఇక మెరక. 5 డెసిమళ్ల జాగా 3 అడుగులు ఎత్తాలంటే లెక్కకి 6,534 ఘనపు అడుగులు. అణిగేది కలుపుకుంటే 8,000 దాకా తోలించాలి. ట్రాక్టరుకి సుమారు 100 వేసుకుంటే 80 లోడ్లు. ఒకేసారి గుమ్మరించకండి. ముందు గడ్డి, దుబ్బులు, బురద చెక్కి తీసేసి, అరడుగు అరడుగు పొరగా గ్రావెలు పరిచి, తడిపి, రోలరు తిప్పించాలి. ఒక వానాకాలం ఆగగలిగితే మరీ మంచిది. ఎంత అణిచినా పునాది మాత్రం తోలిన మట్టి మీద నిలబెట్టకూడదు, అడుగునున్న గట్టి నేల దాకా దిగాలి. చాలా ఇళ్లలో తలుపులు పట్టేయడం, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు రావడం ఇది చేయకే.

మురుగు గొట్టాలు ఇంకా రాని వీధుల్లో ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గొయ్యి ఉంటాయి. మీ గొయ్యి నుంచి మీ బోరుకే కాదు, పక్కింటి బావికీ 60 అడుగుల దూరం ఉండాలి. చిన్న జాగాల్లో ఇది కుదరదు. అందుకే నలుగురూ కూర్చుని బోర్లన్నీ ఒక పక్కకి, గోతులన్నీ ఇంకో పక్కకి వచ్చేలా మాట్లాడుకోండి. అప్పుడే పాత కాలవ దారిని పది అడుగులు వదిలి, రోడ్డు దాటే చోట తూములు వేయించండి. గోడలు లేచాక ఆ జాగా ఎవరూ ఇవ్వరు.