ఆరుబయట పాడే పాటకు ఎంత రివర్బ్? ఇంట్లో బతుకమ్మ పాటలు మిక్స్ చేసిన నా అనుభవం

మా పెద్దమ్మకు వచ్చినన్ని బతుకమ్మ పాటలు మా ఇంట్లో ఇంకెవరికీ రావు. పరకాల వైపు పల్లెలో వాళ్లమ్మ దగ్గర విని నేర్చుకున్నవి అవన్నీ. ఎక్కడా రాసి లేవు. వాటిని రికార్డు చేసి దాచాలని ఎప్పటినుంచో అనుకుంటూ, హనుమకొండలో మా ఇంటి మేడమీది గదిలో మొత్తానికి ఆ పని మొదలుపెట్టాను. రికార్డింగ్ త్వరగానే అయిపోయింది. కాలమంతా మిక్సింగ్‌కే, అంటే విడివిడి ట్రాకులను సరిచేసి కలపడానికే పట్టింది. అందులోనూ ఈక్వలైజర్ (ఈక్యూ: ఏ పౌనఃపున్యాన్ని ఎంత పెంచాలో, తగ్గించాలో చూసేది), రివర్బ్ (పాడాక ఆ చోటులో కాసేపు మిగిలే మోత) దగ్గరే ఎక్కువగా ఆగాను. ఇంట్లో జానపద పాటలు రికార్డు చేసుకునేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నా దగ్గర ఉన్నవి ఒక కండెన్సర్ మైకు, మైకును కంప్యూటర్‌కు కలిపే రెండు ఛానళ్ల ఆడియో ఇంటర్‌ఫేస్, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు, కంప్యూటర్‌లో రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. పెద్దమ్మ గొంతు ఒక ట్రాకు. అమ్మ, చిన్నమ్మ, వదిన కలిసి ‘ఉయ్యాలో’ అని అందుకునేది ఇంకో ట్రాకు. నిలబడే చోట్లు మార్చి మళ్లీ పాడిస్తే వచ్చింది మూడోది. చప్పట్లు విడిగా.

ముందు గది సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈక్యూలో నేను చేసిన పనిలో సగం ఆ గది తెచ్చిపెట్టిందే. వెడల్పు 10 అడుగులు, పొడవు 12, కప్పు ఎత్తు మళ్లీ 10. ఎదురెదురు గోడల మధ్య 10 అడుగులుంటే సుమారు 56 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్లయిన 112, 168 హెర్ట్జ్ దగ్గర ధ్వని పెరిగి నిలబడిపోతుంది. ఎత్తు కూడా అంతే కావడంతో అవే పౌనఃపున్యాలు రెండువైపుల నుంచీ బలపడ్డాయి. పెద్దమ్మ చరణం చివర గొంతు దించిన ప్రతిసారీ గది గుంయ్‌మన్నది. గోడలకు బొంతలు వేలాడదీశాం కానీ అవి పైస్థాయి మోతను మింగుతాయి తప్ప ఇంత కిందిస్థాయిని ఆపలేవు.

అందుకే ఈక్యూలో మొదట కిందినుంచి వచ్చాను. 100 హెర్ట్జ్ కింద ఉన్నదంతా హైపాస్ ఫిల్టర్‌తో తీసేశాను. కాజీపేట వైపు పోయే రైళ్ల గుడగుడ, ఇన్వర్టర్ రొద అక్కడే ఉన్నాయి. పెద్దమ్మ పాడిన అతి కింది స్వరం కూడా 160 పైనే ఉంది కాబట్టి గొంతుకు నష్టమేమీ లేదు. తర్వాత 168 దగ్గర ఇరుకైన కోత, నాలుగు డెసిబెల్లు. ఆపై 300 చుట్టూ వెడల్పాటి కోత, రెండున్నర డెసిబెల్లు. మైకుకు దగ్గరగా నిలబడి చిన్నగదిలో పాడితే గొంతు మీద దుప్పటి కప్పినట్టుండే మందం ఆ ప్రాంతంలోనే చేరుతుంది.

చెడ్డ పౌనఃపున్యాన్ని వెతకడానికి అందరూ చెప్పే పద్ధతి ఒకటుంది. ఈక్యూలో ఒక ఇరుకైన బ్యాండును (కొద్ది పౌనఃపున్యాల పట్టీని) పదీ పన్నెండు డెసిబెల్లు పెంచి, కిందినుంచి పైదాకా మెల్లగా జరుపుతూ, చెవికి ఇబ్బందిగా తగిలినచోట తగ్గించడం. మంచిదే, కానీ అంత పెంచితే ఎక్కడైనా ఇబ్బందిగానే వినిపిస్తుంది. దాన్ని నమ్ముకుని పోతే మంచి గొంతు కూడా జల్లెడైపోతుంది. ముందు ఈక్యూ లేకుండా పాట వినాలి, నాకు నచ్చనిది ఫలానా అని మాటల్లో అనుకోవాలి, ఆ తర్వాతే దాన్ని వెతకాలి. నేను ఒక కాగితం మీద రాసుకున్నాను: ‘చరణం చివర గుంయ్’, ‘డబ్బాలో పాడినట్టుంది’, ‘సకారం గుచ్చుకుంటోంది’. మొదటి రెండింటికి మందు పైన చెప్పిందే. మూడోది 6,500 హెర్ట్జ్ దగ్గర దొరికింది. దాన్ని ఈక్యూతో శాశ్వతంగా కోస్తే మిగతా అక్షరాలు మొద్దుబారుతాయి. ‘స’, ‘శ’ వచ్చినప్పుడు మాత్రమే తగ్గించే డీఎసర్ పెట్టాను.

ఒకచోట మాత్రం చెయ్యి పెట్టకూడదనుకున్నాను. పెద్దమ్మ గొంతులో మూడువేల హెర్ట్జ్ చుట్టూ ఒక పదును ఉంది. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే ‘ఆడ గొంతు’ ప్రీసెట్లు (ముందే సిద్ధం చేసి ఉంచిన అమరికలు) కొన్ని అక్కడ తగ్గించి గొంతును మెత్తబరుస్తాయి. వేసి చూస్తే నున్నగానే వినిపించింది, కానీ అది మా పెద్దమ్మ కాదు. మైకు లేకుండా, డప్పుల మధ్య, వలయంలో అవతలి వైపు ఆడేవాళ్లకు కూడా మాట అందేలా పాడి పాడి ఏర్పడిన గొంతు అది. మన చెవి బాగా పట్టుకునేది కూడా రెండువేల నుంచి అయిదువేల హెర్ట్జ్ మధ్యనే. ఆ పదును తీసేస్తే పాటలోంచి ఊరు పోతుంది. ఉంచేశాను.

ఇక రివర్బ్. ఈక్యూ అయ్యాక గొంతు శుభ్రంగా ఉంది, కానీ ఫోనులో చెవి దగ్గర పాడుతున్నంత పొడిగా ఉంది. రివర్బ్‌ను నేరుగా ట్రాకు మీద వేయకుండా, ఒక బస్‌లో (చాలా ట్రాకుల ధ్వని వచ్చి కలిసే ఛానల్‌లో) పెట్టి అన్ని ట్రాకుల నుంచి దానికి సెండ్ ఇచ్చాను, అంటే కొంత ధ్వనిని అటు పంపాను. అప్పుడు అందరూ ఒకేచోట ఉన్నట్టుంటుంది, ఎవరికి ఎంత కావాలో విడిగా చూసుకోవచ్చు. రెండు సెకన్ల హాల్ రివర్బ్ వేసి విన్నాను. గొప్పగా ఉంది. భక్తి పాటల క్యాసెట్టులా ఉంది. అదే చిక్కు. మావాళ్లు సద్దుల బతుకమ్మకు పోయేది పద్మాక్షి గుట్ట దగ్గరికి. అక్కడ గోడలూ లేవు, కప్పూ లేదు.

గదుల ధ్వనిశాస్త్రానికి పునాది వేసిన వాలెస్ సాబిన్ గురించి చదివింది అప్పుడు పనికొచ్చింది. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కావడం లేదంటే, ఆ బాధ్యత ఆయన మీద పెట్టారు. పక్క థియేటర్ నుంచి సీటు దిండ్లు మోసుకొచ్చి పరుస్తూ, ధ్వని ఎంతసేపట్లో అణగిపోతుందో కొలిచాడు. ఇవాళ రివర్బ్ ప్లగిన్‌లో డికే టైమ్ అని కనిపించేది ఆ లెక్క నుంచి వచ్చిందే: ధ్వని 60 డెసిబెల్లు తగ్గడానికి పట్టే కాలం. ధ్వనిని పూర్తిగా మింగేసే దానికి ఆయన పెట్టుకున్న కొలమానం తెరిచిన కిటికీ. ఆ లెక్కన బతుకమ్మ ఆడే చోట నాలుగు వైపులూ, పైనా తెరిచిన కిటికీలే. అక్కడ ధ్వనికి పొడవాటి తోక ఉండదు. నేల నుంచి వెంటనే వచ్చేది, దూరంగా ఏ గోడో బండో ఉంటే దాన్నుంచి ఒక్కసారి తిరిగొచ్చేది, అంతే.

ఆ ఒక్కసారి తిరిగొచ్చేది ఎంతసేపటికి రావాలో మా చప్పట్లే చెప్పాయి. గదిలో చప్పట్లు కొడితే ఎదురెదురు గోడల మధ్య ట్రర్రుమని కొట్టుకుంటున్నాయని, తెల్లవారుజామున డాబా మీదికి పోయి రికార్డు చేశాం. ఆ ట్రాకును తెరమీద పెద్దది చేసి చూస్తే ప్రతి చప్పట్ల గీత పక్కన, 70 మిల్లీసెకన్ల తర్వాత, చిన్న గీత ఇంకొకటి. ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది. 70 మిల్లీసెకన్లలో 24 మీటర్లు, అంటే పోవడానికి 12, రావడానికి 12. వీధికి అవతల రెండంతస్తుల ఇంటి గోడ మా పిట్టగోడకు సరిగ్గా ఆ దూరంలోనే ఉంది.

అప్పటికి దారి తెలిసింది. హాల్ తీసేసి, గొంతులన్నింటికీ 70 మిల్లీసెకన్ల డిలే (ధ్వనిని ఆలస్యంగా మళ్లీ పలికించేది) ఒకటి పెట్టాను. ఫీడ్‌బ్యాక్ సున్నా, ఒక్కసారే పలకాలి. దూరం నుంచి వచ్చే ధ్వనిలో పైస్థాయి తగ్గుతుంది కాబట్టి దానికి నాలుగువేల హెర్ట్జ్ పైన కోత పెట్టి, అసలు గొంతుకంటే 18 డెసిబెల్లు కింద ఉంచాను. విడిగా వింటే ఉందని తెలియదు, ఆపితే లోటు తెలుస్తుంది. దానితో పాటు అర సెకను రూమ్ రివర్బ్, చాలా కొద్దిగా. చప్పట్లకు మాత్రం ఏమీ వేయలేదు, వాటి చోటు వాటిలోనే ఉంది. చప్పట్లూ గొంతులూ ఒకే నేల మీద నిలబడ్డాయి. గదిలో పాడారని విన్నవాళ్లెవరూ అనుకోలేదు.

రివర్బ్‌కు కూడా ఈక్యూ పెట్టాలన్నది ఇందులో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పే మాట. రివర్బ్ బస్‌లో 500 హెర్ట్జ్ కింద, ఏడువేల పైన కోసేశాను. లండన్ అబ్బే రోడ్ స్టూడియోలో రివర్బ్‌కు పంపేముందు ఇలా రెండువైపులా కోసేవారని, అక్కడ 600, పదివేల హెర్ట్జ్ దగ్గర కోసేవారని మిక్సింగ్ చేసేవాళ్లు చెప్పుకుంటారు. కిందిది ఉంచితే గొంతులో తీసేసిన మందమంతా రివర్బ్ దారిలో తిరిగొస్తుంది. పైది ఉంచితే ప్రతి సకారానికీ బుస్సుమనే తోక వస్తుంది.

దగ్గర, దూరం కూడా ఇక్కడే కుదిరాయి. పెద్దమ్మకు ప్రీడిలే (గొంతు తర్వాత రివర్బ్ మొదలయ్యేదాకా ఆగే సమయం) 30 మిల్లీసెకన్లు, సెండ్ తక్కువ. ముందు మాట, తర్వాతే చోటు వినిపించడంతో ఆమె ముందుకు వచ్చింది. వంతపాట వాళ్లకు ప్రీడిలే లేని ఇంకో బస్, సెండ్ ఎక్కువ, ఎనిమిదివేల పైన రెండు డెసిబెల్లు తక్కువ. ఒక ట్రాకు ఎడమకు, ఒకటి కుడికి. వాళ్లు వలయంలో అవతలికి వెళ్లారు.

ఇవన్నీ తక్కువ శబ్దంలో వింటూ చేశాను. గట్టిగా వింటే కిందిస్థాయి నిండుగా అనిపించి, అన్నీ బాగున్నట్టే ఉంటుంది. చివరికి ఫోను స్పీకరులో వినాల్సిందే, మా చుట్టాలందరూ వినేది అందులోనే. 

పెద్దమ్మకు ఫోనులోనే వినిపించాను. సగం పాట కళ్లు మూసుకుని విన్నది. ‘చప్పట్లు మంచిగా పడ్డాయి బిడ్డా. కానీ నేను పూల పేర్లు చెప్పేకాడ వెనక వీళ్ల పాట మీద పడుతోంది. గునుగు, తంగేడు అన్నది నాకే సరిగ్గా వినిపించలేదు, పిల్లలు ఎట్లా నేర్చుకుంటారు?’ అన్నది. ఆమె చెప్పింది నిజం. వంతపాట తోక, ఎంత చిన్నదైనా, ఆమె తర్వాతి పంక్తి మొదటి మాటను తాకుతోంది. వంతపాట బస్ డికేను అర సెకను నుంచి 0.35కు తగ్గించాను, పెద్దమ్మ పాడుతున్నప్పుడు ఆ రివర్బ్ రెండు డెసిబెల్లు తగ్గేలా ఆటోమేషన్ గీశాను. పూల పేర్లన్నీ విడివిడిగా వినిపించాయి. ఎంగిలిపూల బతుకమ్మకు ముందే ఆ ఫైళ్లు మా ఇంటి ఆడపిల్లలందరికీ చేరాయి.